మౌనమునకును హక్కు కలదు

సంపాదకులవారికి,

అయ్యా,

పౌరస్వాతంత్ర్యములు తమ విధులను నిర్వర్తించినవారికే దక్కవలెననియు, జాతీయగీతము పాడ నిరాకరించు విద్యార్థికి ప్రభుత్వ విద్యార్థివేతనము నిలిపివేయవలెననియు, మతవిశ్వాసమును నెపముగా జూపువాని పట్ల మఱింత కాఠిన్యము వహింపవలెననియు గత సంచికలో ఒక పాఠకమిత్రుడు వ్రాసిన లేఖను శ్రద్ధతో చదివితిని. ఆయన దేశభక్తిని శంకించువాడను గాను. చాలకాలము ఉపాధ్యాయవృత్తిలో నుండి, ప్రతిదినము ఉదయమున పిల్లలను వరుసలు తీర్చి జనగణమన పాడించినవాడను; ఆ గీతము ఆద్యంతము శ్రుతి తప్పక సాగిననాడు నాకు కలిగిన ఆనందము స్వల్పమైనది గాదు. (అట్టి దినములు అరుదు, అది వేఱు సంగతి.) అయినను మిత్రుని వాదమును నే నంగీకరింపజాలను. ఆయన కోరిన దానికంటె పెద్ద శిక్షనే మన దేశమున ఒకప్పుడు ముగ్గురు పిల్లలు అనుభవించియుండిరి. అది చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పి ఎన్నో ఏండ్లు గడచినవి. ఆ వృత్తాంతమును మనము మఱచినట్లున్నాము.

కేరళలో కొట్టాయము జిల్లా కిడంగూరునందలి యొక ఉన్నత పాఠశాలలో పదవ, తొమ్మిదవ, ఐదవ తరగతులు చదువుకొనుచున్న ఒక కుటుంబపు పిల్లలు, యెహోవా సాక్షులను క్రైస్తవశాఖకు చెందినవారు, తోడివారు జాతీయగీతము పాడునపుడు వినయముతో లేచి నిలిచెడివారు. కాని తాము పాడెడివారు కారు. తమ దేవునికి చేయు ప్రార్థన తప్ప మఱి యే సంస్కారమునందును గొంతు కలుపరాదని వారి విశ్వాసము. అంతకు పూర్వము వారి అక్కలును ఆ బడిలోనే అట్లే నిలిచి చదివికొని వెడలిరి. ఎవ్వరును తప్పు పట్టలేదు. 1985 జూలైలో ఈ సంగతి ఒక శాసనసభ్యుని దృష్టిలో పడెను; ఆయనకది దేశభక్తిలోపముగ తోచెను; శాసనసభలో ప్రశ్న లేచెను; విచారణసంఘ మేర్పడెను. ఆ సంఘము తీరా విచారించి, పిల్లలు చట్టమునకు లోబడి నడచువారే యనియు, గీతమునకు అగౌరవమేమియు చూపలేదనియు నివేదించెను. అయినను విద్యాశాఖలోని డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఆదేశమును బట్టి ప్రధానోపాధ్యాయిని జూలై 26న మువ్వురను బడినుండి తొలగించిరి. విచారణ జరిపించి, దాని ఫలితము తమకు రుచింపనిచో ప్రక్కకు నెట్టివైచుట మన పరిపాలకులకు క్రొత్త విద్య గాదు.

పిల్లల తండ్రి హైకోర్టు నాశ్రయించెను. అచ్చటి న్యాయమూర్తులు గీతమునందలి ప్రతిపదమును పరిశీలించి, ఏ మతస్థుని మనస్సునైనను నొప్పించు మాట యొకటియు అందు లేదని నిర్ణయించి, పిటిషనును త్రోసిపుచ్చిరి. వారి పరిశీలన సరియైనదే కావచ్చును; కాని ప్రశ్న యది గాదు. 1986 ఆగస్టు 11న తీర్పు వెలువరించిన సుప్రీంకోర్టు ధర్మాసనమునందలి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు (మన తెలుగువారు) జస్టిస్ ఎం.ఎం. దత్తుగారితో కలిసి ఈ మర్మమునే పట్టుకొనిరి. ఒకని విశ్వాసము న్యాయమూర్తి బుద్ధికి సహేతుకముగ కనబడునా లేదా యనునది విచార్యాంశము గాదనియు, అది ఆ వ్యక్తి అంతఃకరణపూర్వకముగ నమ్మినదా కాదా యనునదే చూడవలసినదనియు వారు తేల్చిరి. వాక్స్వాతంత్ర్యమును ప్రసాదించిన 19వ అధికరణమునందే మౌనముగ నుండు స్వేచ్ఛయు ఇమిడి యున్నదనియు, అంతరాత్మస్వేచ్ఛను రక్షించు 25వ అధికరణము ఆ పిల్లలకు గూడ వర్తించుననియు చెప్పి, వారిని మరల బడిలో చేర్చుకొనవలసినదని ఆజ్ఞాపించిరి.

మిత్రుడు తప్పక గమనింపవలసిన అంశమొకటి ఆ తీర్పునందు కలదు. జాతీయగీతమును పాడితీరవలెనని శాసించు చట్టమేదియు ఈ దేశమున లేదు. జాతీయగౌరవ పరిరక్షణకై 1971లో చేసిన చట్టము, గీతాలాపనను బుద్ధిపూర్వకముగ అడ్డగించువానిని, పాడుచున్న సభకు భంగము కలిగించువానిని శిక్షించును. ఊరక నిలిచినవాని జోలికి పోదు. అట్లైన, పిల్లలను వెడలగొట్టుటకు ఆధారమేమి? విద్యాశాఖవారి సర్క్యులర్లు మాత్రమే. పౌరుని ప్రాథమికహక్కును పరిమితము చేయవలెనన్నచో శాసనసభ చేసిన చట్టము కావలెను గాని, ఏ కార్యాలయముననో ఒక అధికారి సంతకముచేసి పంపిన కాగితము చాలదను నియమమును ధర్మాసనము గట్టిగా పట్టినది. ఈ నియమము వారు క్రొత్తగ కల్పించినది గాదు. 1962లో ఉత్తరప్రదేశ్ పోలీసుల నిఘా నిబంధనల వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇదియే చెప్పెను. ఆ వ్యాజ్యములోనే మా రాజమహేంద్రవరమువారైన జస్టిస్ కోకా సుబ్బారావుగారు అధికసంఖ్యాక న్యాయమూర్తులతో విభేదించి, నిఘానీడలో బ్రదుకు మనుష్యుని స్వేచ్ఛ నామమాత్రమేయని మఱింత దూరము చూచిరి. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగోప్యతను ప్రాథమికహక్కుగ ప్రకటించునపుడు ఆయన అభిప్రాయమునే సరియైనదిగ గ్రహించెను. ఏబదియైదేండ్లు ఆలస్యమైనను ఆ గౌరవము ఆయనకు దక్కినది.

యుద్ధకాలమున నిట్టి ఔదార్యమునకు తావు లేదని మిత్రుడు వ్రాసిన వాక్యమునకు అమెరికా చరిత్రయే సమాధానము. పతాకవందనము చేయని యెహోవా సాక్షుల పిల్లలను బడులనుండి తొలగించుట న్యాయమేయని 1940లో ఆ దేశపు సుప్రీంకోర్టు నిర్ణయించెను. మూడేండ్లలో, లక్షల కొలది అమెరికా సైనికులు సముద్రముల కావల పోరాడుచుండగా, 1943 జూన్ 14న, సరిగ్గా వారి పతాకదినముననే, ఆ న్యాయస్థానము తన మాటను తానే రద్దు చేసికొనెను. యుద్ధమునందు గెలుపోటములపై ఆ తీర్పు ప్రభావమేమియు కనబడలేదు.

మిత్రుడు ప్రాథమిక విధులను కూడ స్మరించిరి. ఆ విధులు 1950 నాటి రాజ్యాంగమున లేవు. ఆత్యయికస్థితి (ఎమర్జెన్సీ) నడుమ 42వ సవరణచేత చేరినవి. పుట్టిన వేళ చెడ్డదైనంత మాత్రమున అవి చెడ్డవని నే ననను. గీతమును గౌరవింపవలెనను మాట నాకును సమ్మతమే. కాని లేచి నిలుచుటయు గౌరవమేయని 1986 నాటి మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచున్నది. ఆ ఆత్యయికస్థితి నుండియే మన రాజకీయపక్షములు మఱియొక పాఠము నేర్వవలసియుండెను. 1975 జూలైలో ప్రభుత్వము రాష్ట్రీయ స్వయంసేవక సంఘమును, జమాతే ఇస్లామీని ఏకకాలమున నిషేధించెను. వీథులలో ఒకరి నొకరు చూడనొల్లని ఉభయుల కార్యకర్తలును ఒకే చెరసాలలలో కాలము గడపిరి. విచారణలేని నిర్బంధమెట్టిదో వారికి వేఱుగ బోధింపనక్కఱలేదు. అయినను, అధికారము చేతికి వచ్చినపుడు పరుల స్వేచ్ఛ తేలికగ కనబడు జాడ్యము ఏ పక్షమును విడువలేదు. హిమాచలప్రదేశమున మతము మారదలచినవాడు ముప్పది దినములు ముందుగ జిల్లా మేజిస్ట్రేటునకు తెలుపవలెనను నిబంధనను 2006లో చేసినది కాంగ్రెసు ప్రభుత్వము. తన విశ్వాసమును వెల్లడింపకుండు హక్కును పౌరునకు కలదని 2012లో హైకోర్టు దానిని కొట్టివేయగా, 2019లో అట్టి నిబంధననే మరల చేసినది భారతీయ జనతాపార్టీ ప్రభుత్వము. ఉత్తరప్రదేశమున 2021 నాటి చట్టము ఆ గడువును 60 దినములకు పెంచి, నడుమ పోలీసు విచారణను గూడ చేర్చినది. బలాత్కారముననో మోసముననో మతము మార్చువానిని శిక్షించుట వేఱు. తన మనస్సు మారిన సంగతిని మనుష్యుడు పోలీసువానికి నివేదించుకొనవలెననుట వేఱు. కిడంగూరు పిల్లలను నోరు తెఱువుమనిన అధికారమే ఇచ్చట పెద్దవారిని మనస్సు విప్పి చూపుమనుచున్నది.

సినిమాహాళ్ల సంగతియు నొక్క మాట చెప్పెదను. 2016 నవంబరు 30న సుప్రీంకోర్టే ప్రతి ప్రదర్శనకు ముందు గీతము వినిపింపవలెనని ఆజ్ఞాపించి, 2018 జనవరి 9న ఆ ఆజ్ఞను సడలించి, యజమానుల ఇష్టమునకు విడిచినది. ఆ సడలింపు తరువాత దేశభక్తి తగ్గినదని ఎవరైన కొలిచి చెప్పగలరేని విన నాకు కుతూహలమే.

ఇంతకును మిత్రుని ప్రతిపాదనలోని విద్యార్థివేతన మాటకు వచ్చెదను. విద్యార్థివేతనము పేదపిల్లవాని చదువునకై ఏర్పడినది. దానిని పొందుటకు అర్హత అతని ఆదాయము, అతని చదువు. ఇపుడు దానికి గీతాలాపనను క్రొత్త షరతుగ చేర్చవలెనన్నచో ఏ చట్టము క్రింద చేర్తురు? సర్క్యులరు చాలదని 1986లోనే తేలిపోయినది. క్రొత్తగ చట్టము చేయుదురా? అది 19, 25వ అధికరణముల యెదుట నిలువవలెను. నిలుచునని మిత్రుడు తలచినచో అందులకు కారణములు తమ పత్రికలోనే వ్రాయుదురుగాక, చదువుటకు సిద్ధముగనున్నాను. అంతకంటె ముందు, ఆ తీర్పు దీర్ఘమైనది గాదు గనుక, దాని ముఖ్యభాగములను తెలిగించి ఒక సంచికలో ప్రచురింపవలసినదిగ తమను ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరము.