ఓడ దిగిన రోజే ఇల్లు చేరాలా?

క్రూయిజ్ ఓడ ఉదయమే విశాఖ రేవుకు వస్తుంది. రేవు నుంచి విమానాశ్రయానికి కారులో గంట కూడా పట్టదు. ఒడిశాలోని జయపురం వెళ్లే చిన్న విమానం దొరికితే కొండలు దాటడం ఇంకో గంట పని. అక్కడి నుంచి మా కొట్పాడ్ నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఈ లెక్కన ఓడ దిగిన పూటే ఇంట్లో భోజనం చెయ్యొచ్చు. కాగితం మీద ఇందులో తప్పేమీ కనిపించదు. అయినా మా కొరాపుట్ జిల్లా వాళ్లు ఎవరూ ఇలా టికెట్లు కొనుక్కోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఓడ ప్రయాణాలు ఎన్నో ఏళ్లుగా అలవాటైన ఊళ్లు ఈ లెక్క ఎలా వేస్తాయో చూస్తే కారణం తెలుస్తుంది.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ అనే ఊరు ఉంది. అక్కడి పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ రేవు విమానాశ్రయానికి దాదాపు ఆనుకునే ఉంటుంది. ఓడలు తెల్లవారకముందే వచ్చేస్తాయి. అయినా ఓడ దిగే రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక బయలుదేరే విమానమే చూసుకోమని అక్కడ అనుభవం ఉన్నవాళ్లందరూ చెబుతారు. ఓడ రేవుకు రావడం ఒకటి, మనిషి రేవు దాటి బయటపడడం ఇంకొకటి. పెద్ద పెట్టెలకు రంగు చీటీలు కట్టి ముందురోజు రాత్రే గది బయట పెట్టాలి. తెల్లారాక అధికారుల అనుమతి వస్తేగానీ ఒక్కరినీ దింపరు. ఆ తర్వాత చీటీ రంగును బట్టి గుంపులు గుంపులుగా పిలుస్తారు. కిందికి వచ్చాక గుట్టలుగా పడి ఉన్న సామానులో మన పెట్టె వెతుక్కోవాలి, పాస్‌పోర్టు చూపించాలి, టాక్సీ వరసలో నిలబడాలి. పెట్టెలన్నీ తామే మోసుకోగలిగినవాళ్లు ముందుగా దిగిపోవచ్చు. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చినవాళ్లకు అది కుదిరే పని కాదు.

ఇదంతా ఓడ వేళకు వచ్చిన రోజు సంగతి. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో, ఫ్లోరిడాలోనే ఉన్న టాంపాలో చలికాలం పొగమంచు పడితే రేవు దారి మూసేస్తారు. ఊరు కనుచూపు దూరంలో ఉన్నా ఓడ గంటల తరబడి సముద్రంలోనే ఆగుతుంది. ఇటలీలో ఇంకో చిక్కు. రోమ్ ఓడలని పిలిచేవి నిజానికి చివిటవెక్కియా రేవులో ఆగుతాయి. ఫ్యూమిచినో విమానాశ్రయానికి అక్కడి నుంచి అరవై కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం. సియాటిల్ రేవు మాత్రం ప్రయాణికుల మీద కాస్త దయ చూపింది. పోర్ట్ వాలెట్ అనే ఏర్పాటు పెట్టి, ఓడలో ఇచ్చిన సామాను నేరుగా విమానాశ్రయానికి చేరుస్తోంది.

ఇక మన విశాఖ. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు తిరిగింది. 2023 సెప్టెంబరులో, సుమారు 96 కోట్ల ఖర్చుతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2025 జూన్, జూలైల్లో మళ్లీ చెన్నై, విశాఖ, పుదుచ్చేరిలను కలుపుతూ ఓడ నడిచింది. ఎంప్రెస్ దాదాపు 1,800 మందిని మోయగలదు. అమెరికా రేవుల రద్దీ ఇక్కడ లేదు, దేశంలోపలి ప్రయాణమైతే పాస్‌పోర్టు తనిఖీ కూడా ఉండదు. కానీ దేశీయ విమానానికి సాధారణంగా గంట ముందే సామాను తీసుకోవడం ఆపేస్తారు. ఓడ టికెట్, విమానం టికెట్ విడివిడిగా కొన్నామా, ఓడ ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా మనదే.

ఫ్లోరిడాలో విమానం తప్పితే సాయంత్రం ఇంకొకటి ఉంటుంది, డబ్బు పోయినా ఇల్లు చేరతారు. జయపురానికి 2022 చివర్లో మొదలైన సర్వీసుది తొమ్మిది సీట్ల సెస్నా. అది తప్పితే ఆ రోజుకు వేరే విమానం ఉందనుకోకూడదు. కొండల మీద మబ్బు దిగితే అసలు ఎగరకపోవచ్చు. పైన చెప్పిన క్రూయిజ్‌లు విశాఖకు వచ్చిన నెలలేమో జూన్, జూలై, సరిగ్గా మన వానాకాలం. కాబట్టి అక్కడి మధ్యాహ్నం పన్నెండు నియమం మనకు చాలదు. ఓడ దిగాక ఎక్కడానికి దొరికే విమానాలు ఎంత తక్కువగా ఉంటే మధ్యలో అంత ఎక్కువ వ్యవధి ఉంచుకోవాలి.

రైలునూ నమ్ముకోలేం. మా వైపు వచ్చే కిరండూల్ ప్యాసింజర్ విశాఖలో ఉదయం ఏడు కాకముందే కదులుతుంది, ఓడవాళ్లకు అది అందదు. రాత్రి బండి ఉంది గానీ, ఆ కొండ లైను మీద వానలకు కొండచరియలు విరిగిపడి బండ్లు ఆగిన సందర్భాలు చాలా ఉన్నాయి. కొట్పాడ్‌కు రోడ్డు దాదాపు 270 కిలోమీటర్లు. సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కాలి. ఓడలో సరిగా నిద్రలేని మనుషులను చీకట్లో ఆ మలుపుల మీదికి పంపడం నాకు నచ్చదు.

మన పెద్దలకు ఓడ ప్రయాణంలో ఇలా ఆగడం కొత్త కాదు. 1933లో విశాఖ హార్బరు తెరిచేదాకా రంగూన్ స్టీమర్లు తీరానికి దూరంగా లంగరు వేసేవి. బర్మా నుంచి తిరిగొచ్చే తెలుగు కూలీలు మసూలా పడవల్లోకి దిగి, అలలు దాటుకుని ఒడ్డుకు రావాల్సిందే. సముద్రం పోటెత్తి ఉంటే ఆగడం తప్ప దారి ఉండేది కాదు.

ముందు ముందు ఇంకో మార్పు ఉంది. విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారాక రేవు నుంచి విమానాశ్రయం నలభై కిలోమీటర్లు దాటుతుంది. అప్పుడు మన పరిస్థితి చివిటవెక్కియాకు దగ్గరవుతుంది. ఇప్పటి దూరం చూసి వేసిన లెక్కలేవీ ఆ రోజున పనికిరావు.

ఓడ దిగిన రాత్రి విశాఖలోనే ఉండండి. విమానమైనా రైలైనా మర్నాటిదే కొనండి. లాడ్జి ఖర్చును కూడా ప్రయాణం ఖర్చులోనే వేసుకోండి. క్రూయిజ్ టికెట్లు అమ్మే జయపురం, కొరాపుట్, విశాఖ ఏజెంట్లకూ, ఓడ కంపెనీలకూ ఒక మనవి: ఓడ రేవుకు చేరే వేళతో పాటు, ఆ తర్వాత ఎన్ని గంటలకు బయలుదేరే విమానం సురక్షితమో కూడా టికెట్ మీద తెలుగులో, ఒడియాలో అచ్చు వేయండి.