శరీరాన్ని వదిలేసిన సువార్త

తెలుగు క్రైస్తవుల భూస్థాపన కూడికల్లో ఒక మాట తరచూ వినబడుతుంది. పెట్టె పక్కన నిలబడి బోధకుడు అంటాడు: "ఇది వట్టి మట్టి. అసలు మనిషి ఇందులో లేడు. ఆత్మ ఎప్పుడో పరలోకం చేరింది. పాత చొక్కా విప్పేసినట్టు మన సహోదరుడు ఈ దేహాన్ని విడిచి వెళ్లాడు." ఏడుస్తున్న ఇంటివాళ్లకు ఆ పూటకు అది ఊరటే. అయితే ఆ చొక్కా మాట గీతా ఉపన్యాసంలో ఒదిగినంత చక్కగా, సమాధి ఖాళీ అయిందని చాటే మతంలో ఒదగదు.

పునరుత్థానమంటే చనిపోయాక ఆత్మ పరలోకానికి చేరడమేనన్న నమ్మకం పల్లెలోని ప్రార్థన మందిరం నుంచి పట్నంలోని పెద్ద సంఘాల దాకా పాకిపోయింది. చదువుకున్నవాళ్లలో దీనికే ఇంకో రూపం ఉంది. యేసు శిష్యుల గుండెల్లో లేచాడు, ఆయన ఆశయాలు బతికాయి, అది చాలు అంటారు. ఒకరిది భక్తి, ఇంకొకరిది హేతువాదం. ఇద్దరూ చల్లగా వదిలించుకుంటున్నది మాత్రం శరీరాన్నే.

పౌలు ఈ బేరానికి ఒప్పుకోలేదు. కొరింథులో సంఘం స్థాపించిన కొన్నేళ్లకే అక్కడి విశ్వాసులు కొందరు మృతుల పునరుత్థానం లేదనడం మొదలుపెట్టారు. వాళ్లు నాస్తికులేమీ కారు. గ్రీకు గాలిలో పెరిగినవాళ్లకు ఆత్మ అమరమన్నది కొత్త సంగతి కాదు. దాదాపు నాలుగు శతాబ్దాల ముందే ప్లేటో ఆ వాదన రాసి పెట్టాడు. శవం లేవడమన్నదే వాళ్లకు మింగుడుపడలేదు. ఏథెన్సులోని అరేయొపగులో పౌలు మాటలు అంతవరకూ విన్నవాళ్లలో కొందరు వెక్కిరించింది కూడా సరిగ్గా ఈ సంగతి దగ్గరే. ఆత్మ బతుకుతుందని చెప్పి ఊరుకుంటే ఆ ఊళ్లో ఎవరూ నవ్వేవారు కాదు. పౌలు అలా చెప్పకపోగా, సుమారు క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు వారికి రాసిన ఉత్తరంలో సాక్షుల పేర్లు ఏకరువు పెట్టాడు: కేఫా, పన్నెండుమంది, ఒకేసారి చూసిన 500 మందికి పైగా సహోదరులు, యాకోబు, చివరికి తాను. ఆ 500 మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా జోడించాడు. కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టు! ఒక ఆత్మ పరలోకం చేరిందని చెప్పడానికి ఇంతమంది సాక్షులు దేనికి?

సువార్తల్లోనూ ఇదే వరస. లూకా రాసిన సువార్తలో లేచిన యేసు శిష్యుల ఎదుట కాల్చిన చేప తింటాడు. యోహాను సువార్తలో తోమాకు గాయాలు చూపిస్తాడు, సముద్ర తీరాన నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధం చేసి శిష్యులను పిలుస్తాడు. లేచిన దేహం పాత దేహమంత మామూలుదేమీ కాదు. తలుపులు వేసి ఉండగానే లోపలికి వస్తుంది. కానీ మేకుల గుర్తులు పోలేదు. శరీరం వట్టి చొక్కానే అయితే ఆ గాయాలను అవతలి జీవితంలోకి మోసుకుపోవలసిన అవసరం ఏముంది?

దేహం లేస్తుందన్న నమ్మకం పుట్టిన చోటు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. క్రీ.పూ. రెండో శతాబ్దంలో అంతియొకు రాజు యూదులను హింసించిన కాలం గురించి మక్కబీయుల రెండో గ్రంథం ఒక కథ చెబుతుంది. ఏడుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు నాలుక, చేతులు చాపి, ఇవి దేవుడిచ్చినవి, ఆయన దగ్గరే తిరిగి పొందుతానని రాజు ముఖాన అంటాడు. కోసేసిన చేతులు తిరిగి రావాలి. అంతకు తక్కువైతే అది న్యాయం కాదు. పునరుత్థానం మొదట న్యాయానికి సంబంధించిన ఆశ. ఆలయ అధికారంతో అంటకాగిన సద్దూకయ్యులు దాన్ని కాదన్నారంటే ఆశ్చర్యమేముంది?

1955లో హార్వర్డ్‌లో చేసిన ఉపన్యాసంలో వేదాంత పండితుడు ఆస్కర్ కుల్మన్ ఆత్మ అమరత్వానికీ దేహ పునరుత్థానానికీ ఉన్న తేడాను రెండు మరణాల్లో చూపించాడు. సోక్రటీసు విషం తాగుతూ నిబ్బరంగా ఉన్నాడు. మరణం ఆయనకు విడుదల. యేసు గెత్సేమనేలో వణికాడు, ఈ గిన్నె తొలగించమని వేడుకున్నాడు. ఆయనకు మరణం శత్రువు. ఆ ఉపన్యాసం అచ్చయ్యాక కుల్మన్ మీద విరుచుకుపడినవారిలో భక్తులే ఉన్నారు. ప్లేటోను క్రీస్తు అనుకుని బతికినవాళ్లకు కోపం రాదా మరి.

అవతలివాళ్ల దగ్గరా వచనాలు లేకపోలేదు. సిలువ మీది దొంగకు నేడే పరదైసు అని యేసు మాట ఇచ్చాడు. వెడలిపోయి క్రీస్తుతో ఉండడమే మేలని పౌలు ఫిలిప్పీ వారికి రాశాడు. నిజమే, చనిపోయినవారు క్రీస్తు దగ్గర ఉన్నారన్న ఓదార్పును ఎవరూ లాక్కోనక్కరలేదు. కానీ అది మధ్య మజిలీ. ఈ దేహాన్ని గుడారమన్న పౌలే, అదే చోట, దిగంబరిగా మిగలడం తనకు ఇష్టం లేదని, దాని మీద ఇంకో నివాసం తొడుక్కోవాలనే కోరుకుంటున్నానని అంటాడు. బోధకులు గుడారం దగ్గరే ప్రసంగం ముగిస్తారు.

సామాన్య విశ్వాసులే నయం. తెలుగునాట చాలా ఊళ్లలో ఈస్టరు తెల్లవారుజామున సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అక్కడున్నది వట్టి మట్టేనని నమ్మినవాళ్లు చేసే పనులు కావవి.

దేహానికి విలువ ఉందా లేదా అన్నది పండితుల తగువు అనుకుని తోసేయడానికి వీల్లేదు. 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరవు రోజుల్లో బాప్తిస్మం ఆపాడు కూడా. అది మళ్లీ మొదలయ్యాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కూగ్లర్ స్త్రీల వైద్యానికి జీవితం ధారపోసింది. 1898లో అక్కడ ఆమె ఆసుపత్రి తెరుచుకుంది. వీళ్లు పునరుత్థాన సిద్ధాంతం తిరగేసి ఈ పనులకు దిగారని కాదు. కానీ దేహాన్ని వట్టి మట్టిగా చూసే బోధకు కాలువ కూలీతోనూ పని లేదు, కాన్పు గదితోనూ పని లేదు.

సమాధుల దగ్గరా ఈ తేడా తేలుతుంది. తిరుచిరాపల్లి మేలపుదూరులోని కాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులను మిగతావారి సమాధుల నుంచి వేరు చేస్తూ గోడ కట్టారు. అందరి ఆత్మలూ పరలోకంలో సమానమేనని చెప్పుకునేవారికి ఆ గోడ అడ్డం రాదు. దేహాలు లేస్తాయని నమ్మేవారికి అది అడ్డం వస్తుంది, ఎందుకంటే ఆ ఉదయాన గోడకు అటూ ఇటూ లేచినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. తెలుగు ఊళ్లలోనూ కులానికో సమాధుల దొడ్డి ఉన్నచోట పాస్టర్లు, ఫాదర్లు వచ్చే ఈస్టరుకు మొదటి కొరింథీయుల పదిహేనో అధ్యాయం మొత్తం చదివి, ఆ దొడ్లను ఒకటి చేసే సంగతి సంఘం ముందు పెట్టాలి.