క్యాన్సర్‌కి ఆకలి కొత్త కాదు

"పంచదార పూర్తిగా మాన్పించేశామండీ. అన్నం కూడా గుప్పెడే పెడుతున్నాం. చేప, గుడ్డు అసలు ముట్టనివ్వట్లేదండి. ఆయ్."

లంక గ్రామం నుంచి తండ్రిని మా ఓపీకి తీసుకొచ్చిన ఓ కొడుకు అన్న మాటలివి. కాస్త గర్వంగానే చెప్పాడు. తండ్రితో పాటు ఇంటిల్లిపాదీ తీపి మానేశారట. పెద్దాయన కాలేయంలో గడ్డ బయటపడి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో గడ్డ ఎంత పెరిగిందో స్కాన్‌లో చూడాలి గానీ, ఆయన ఎంత తగ్గారో చూడటానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. కణతలు లోపలికి పోయాయి.

చక్కెరే క్యాన్సర్‌కి తిండి, అది ఆపేస్తే గడ్డ మాడి చస్తుందని వాళ్ళకు ఎవరో ఫోన్‌లో వీడియో పంపారు. మీకూ వచ్చే ఉంటుంది. అది పూర్తిగా అబద్ధమైతే కొట్టిపారేయడం తేలికే. అందులో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే.

1920ల్లో బెర్లిన్‌లో ఆటో వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త క్యాన్సర్ కణజాలాన్ని పల్చటి ముక్కలుగా కోసి, అది చక్కెరను ఎలా వాడుకుంటోందో కొలిచాడు. మామూలు కణం ఆక్సిజన్ సాయంతో గ్లూకోజును పూర్తిగా కాలుస్తుంది. క్యాన్సర్ కణం ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా చాలా గ్లూకోజును సగంలోనే ఆపేసి, లాక్టిక్ ఆమ్లంగా బయటికి వదిలేస్తోంది. ఒక గ్లూకోజు అణువును పూర్తిగా కాలిస్తే సుమారు 30 ఏటీపీ అణువులు వస్తాయి. ఈ సగం పద్ధతిలో వచ్చేవి రెండే. అందుకని అది చక్కెరను గంపలకొద్దీ లాగుతుంది. వీడియోలోని సగం నిజం ఇదే.

ఏటీపీ అంటే కణం రోజూ ఖర్చుపెట్టే చిల్లర డబ్బు అనుకోండి. దాన్ని కనుగొన్నవారిలో ఒకరు మన పక్కవారే. రాజోలు నుంచి వశిష్ఠ దాటితే నరసాపురం, అక్కణ్ణుంచి భీమవరం. 1895లో ఆ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల చివర్లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో దీన్ని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సమయంలో విడిగా కనిపెట్టాడు. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో ఫాస్ఫరస్ కొలవడానికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని మేం చదువుకున్నాం. ఆ సుబ్బారావు మన గోదావరి మనిషని మాకెవరూ చెప్పలేదు.

వార్‌బర్గ్ ఒకచోట పొరబడ్డాడు. ఆక్సిజన్‌తో కాల్చే యంత్రాలు, అంటే మైటోకాండ్రియా, చెడిపోవడమే క్యాన్సర్‌కు మూలమనుకున్నాడు. చాలా క్యాన్సర్లలో అవి పనిచేస్తూనే ఉంటాయని తర్వాత తేలింది. క్యాన్సర్ కణం అవసరాన్ని బట్టి రెండు దార్లూ వాడుకుంటుంది.

ఇక కాలేయం దగ్గరికి వద్దాం. ఈ అవయవానికి రక్తం రెండు వైపుల నుంచి వస్తుంది. నాలుగింట మూడు వంతులు పేగుల మీదుగా పోర్టల్ సిరలో వస్తుంది. అప్పటికే దానిలో ఆక్సిజన్ కొంత ఖర్చయిపోయి ఉంటుంది. మిగతా వంతు ధమనిలో తాజాగా వస్తుంది. మద్యం వల్లో, హెపటైటిస్ వైరస్‌ల వల్లో, కొవ్వు పేరుకునో కాలేయం గట్టిపడితే (దాన్నే సిర్రోసిస్ అంటాం) లోపలి రక్తపు దార్లు మచ్చల మధ్య నలిగిపోతాయి. లివర్ క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది ఇలాంటి కాలేయంలోనే. పైగా గడ్డ పెరిగేకొద్దీ దాని నడిమధ్యకు రక్తం చాలదు. అంటే ఆ కణం పుట్టిందీ పెరిగిందీ కరువులోనే.

గోదావరికి వరదొచ్చి కాజ్‌వే మునిగితే మన లంకల్లో ఏం చేస్తారు? పడవలు తీస్తారు. కణంలో ఆ పడవలు తీయించేది హిఫ్-1 అనే ప్రోటీన్. అది మనందరి కణాల్లో పుడుతూనే ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపూ పుట్టిన కొద్ది నిమిషాలకే ముక్కలైపోతుంది. ఎందుకంటే దాన్ని ముక్కలు చేయమని గుర్తు వేయడానికి ఆక్సిజనే కావాలి. ఆక్సిజన్ తగ్గితే ఆ గుర్తు పడదు. అప్పుడు హిఫ్ బతికిపోయి, కణ కేంద్రకంలోకి వెళ్ళి ఎన్నో జన్యువులను నిద్రలేపుతుంది. చక్కెర వచ్చే ద్వారాలు పెరుగుతాయి, ఆక్సిజన్ లేకుండా నడిపే ఎంజైములు పెరుగుతాయి, కొత్త రక్తనాళాలు మొలవమని కబురు వెళ్తుంది. ఈ యంత్రాంగాన్ని వెలికితీసినందుకే గ్రెగ్ సెమెంజా, విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్‌లకు 2019లో నోబెల్ ఇచ్చారు. ఎత్తైన కొండల మీద మనిషి బతకగలగడానికి ఉన్న ఏర్పాటు ఇది. క్యాన్సర్ దాన్ని తన సొంతానికి వాడుకుంటోంది.

ఇంకో సంగతి వింటే ఆ వీడియోని మీరే చెరిపేస్తారు. మామూలు కాలేయ కణం ఇంటి పెద్ద లాంటిది. రక్తంలో చక్కెర సమృద్ధిగా ఉన్నప్పుడే తీసుకుంటుంది, తగ్గితే మిగతా ఒంటికి వదిలేస్తుంది. గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ తీరే అంత. క్యాన్సర్‌గా మారిన కణం చాలాసార్లు దాన్ని కట్టిపెట్టి హెక్సోకైనేజ్-2 అనే మరో ఎంజైమును తెచ్చుకుంటుంది. అది చక్కెర కొంచెమే ఉన్నా లాగేస్తుంది. ఇప్పుడు చెప్పండి, పళ్ళెంలో అన్నం సగానికి తగ్గిస్తే ముందు ఆకలితో అలమటించేది గడ్డా, మీ నాన్నగారా?

మీరు పంచదార డబ్బా అటకెక్కించినా రక్తంలో చక్కెర సున్నా అవదు. శరీరం తన కండను కరిగించి గ్లూకోజు తయారు చేసుకుంటుంది. చక్కెర మరీ కొరవైతే క్యాన్సర్ కణం గ్లూటమిన్ మీద, కొవ్వుల మీద బతకడం కూడా నేర్చుకుంటుంది. మనిషికి మాత్రం అన్ని దార్లు లేవు.

సిర్రోసిస్ ఉన్నవారికి ఈ పథ్యం ఇంకా ప్రమాదం. గట్టిపడిన కాలేయంలో చక్కెర నిల్వలు చాలవు. ఒక్క రాత్రి నిద్ర వాళ్ళకు ఆరోగ్యవంతుడి రెండు మూడు రోజుల ఉపవాసంతో సమానం. తెల్లారేసరికి కండ కరగడం మొదలవుతుంది. కండకు మరో పని కూడా ఉంది. కాలేయం చేతులెత్తేసినప్పుడు రక్తంలోని అమ్మోనియాను కొంతవరకు శుభ్రం చేసేది అదే. కండ పోతే మతిమరుపు, మగత దగ్గరవుతాయి. చికిత్సను తట్టుకునే శక్తీ పోతుంది.

అందుకే మేం చెప్పేది ఆ వీడియోకి పూర్తిగా వ్యతిరేకంగా ఉంటుంది. రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో వచ్చేది ఆరు గ్రాములే, లెక్క వేసుకోండి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప అన్నీ పెట్టండి. పడుకునే ముందు ఖాళీ కడుపుతో ఉండనివ్వకండి. రెండు ఇడ్లీలో, గ్లాసు పాలూ రెండు అరటిపండ్లో ఇవ్వండి. పొట్టలో, కాళ్ళలో నీరు చేరితే తగ్గించాల్సింది ఉప్పు. మధుమేహం ఉన్నవారు మందు సర్దుబాటు కోసం డాక్టరును అడగాలి తప్ప కడుపు మాడ్చుకోకూడదు. ఇక్కడొక మాట. క్యాన్సర్ లేని, ఫ్యాటీ లివర్ మాత్రమే ఉన్న నలభై ఏళ్ళ మనిషికి కూల్ డ్రింకులు, తీపి తగ్గించమని నేనే పోరుతాను. అది వేరే దశ. ఆత్రేయపురం పూతరేకుల మీద నాకే కోపం లేదు గానీ, పెట్టె మొత్తం ఒక్కడే తినేవాణ్ణి చూస్తే ఉంది.

కణం ఇంత మొండిదైతే వైద్యం ఏం చేస్తోందని అడుగుతారు. దాని తెలివే కొన్నిసార్లు దాన్ని పట్టిస్తుంది. గడ్డ ఎక్కువగా ధమని రక్తం మీదే బతుకుతుంది కాబట్టి, రంగుమందు ఎక్కించి తీసే మూడు దశల సీటీలో ముందు తళుక్కుమని, తర్వాత వెలవెలబోతుంది. సిర్రోసిస్ రోగిలో ఈ తీరు స్పష్టంగా కనిపిస్తే చాలాసార్లు ముక్క తీసే అవసరం కూడా ఉండదు. పెట్ స్కాన్ కోసం అప్పు చేసేవాళ్ళను చూస్తుంటాను. లివర్ క్యాన్సర్ల లోనే కొన్ని ఆ స్కాన్‌కు చిక్కవు, డాక్టరు రాయకుండా పరుగెత్తకండి. గడ్డకు వెళ్ళే ధమనిలోకి మందు పంపి మూసేసే చికిత్స ఉంది. అయితే అంచుల్లో మిగిలిన కణాలు ఆ కరువులోనూ హిఫ్‌ను లేపి కొత్త నాళాలు వేసుకోగలవు. అందుకే ఆ చికిత్స అయ్యాక మళ్ళీ మళ్ళీ స్కాన్‌కు రమ్మంటాం, డబ్బు కోసం కాదు. ముదిరిన దశకు 2007లో వచ్చిన సొరాఫెనిబ్ ఆయుష్షును దాదాపు మూడు నెలలు పెంచింది. 2020 నుంచి రోగనిరోధక శక్తిని లేపే మందును, నాళాలు మొలవకుండా ఆపే బెవసిజుమాబ్‌ను కలిపి ఇస్తున్నారు. ఫలితం ఇంకా మెరుగ్గా ఉంది.

గడ్డ చిన్నగా ఉండగా దొరికితే మాత్రం కథే వేరు. కోసి తీసేయొచ్చు, సూదితో కాల్చేయొచ్చు, కొందరికి కాలేయ మార్పిడి చేయొచ్చు. ఆ దశలో నొప్పి ఉండదు. కామెర్లు ఉండవు. వెతికితేనే దొరుకుతుంది.

నా ఫిర్యాదు అదే. గడ్డ వచ్చాక తిండి విషయంలో ఇంత కఠినంగా ఉండే కుటుంబాలు, రాకముందు పరీక్షల విషయంలో ఎందుకు ఇంత మెతక? సిర్రోసిస్ ఉన్న ప్రతివారూ ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. హెపటైటిస్-బి ఉన్నవారిలో కొందరికి కాలేయం గట్టిపడకుండానే క్యాన్సర్ రావచ్చు. ఎవరికి ఎప్పట్నుంచి స్కాన్ మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు. తప్పు మీదొక్కరిదే కాదు. చీటీ మీద 'ఆరు నెలలకు స్కాన్' అని రాసేసి, ఏడో నెలలో ఆ మనిషి వచ్చాడా లేదా అని చూడని వాళ్ళలో నేనూ ఒకణ్ణి. గర్భిణుల తేదీలు ఆశా కార్యకర్తల దగ్గర ఉన్నట్టే, సిర్రోసిస్ రోగుల తేదీలు కూడా ఎవరో ఒకరి పుస్తకంలో ఉండాలి. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

హెపటైటిస్-బికి టీకా ఉంది. తైవాన్ 1984లో పసిపిల్లలకు ఇవ్వడం మొదలుపెడితే, తర్వాతి ఏళ్ళలో అక్కడి పిల్లల్లో లివర్ క్యాన్సర్ బాగా తగ్గింది. మన దగ్గర 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారి ఆధ్వర్యంలో దేశీయంగా తయారుచేసి ధర దించింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపే ఉచితంగా వేస్తాం. తల్లి నుంచి పుట్టుకలో సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది, అందుకే ఆ తొందర. పెద్దవాళ్ళకు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. కామెర్లు వస్తే ఆకు పసరు తాగించి, తగ్గాయని ఊరుకోకండి. కామెర్లు వాటంతటవే తగ్గినా వైరస్ ఉండిపోయి ఉండొచ్చు.

ఆ లంక పెద్దాయనకు పథ్యం సడలించాం. గుడ్డు తినొచ్చంటే నమ్మలేదు. చేపల పులుసు సంగతి ఆయనే అడిగారు. కాళ్ళకు నీరుంది కాబట్టి ఉప్పు తగ్గించి తినమన్నాను. ఆయనకు హెపటైటిస్-బి ఉన్నట్టు ఈ గడ్డ వచ్చాకే తెలిసింది. ఇంట్లో అందరికీ పరీక్ష రాశాను. పెద్దకొడుక్కి, అంటే తీపి మాన్పించిన ఆ కుర్రాడికే, పాజిటివ్ వచ్చింది. కాలేయం ఇప్పటికి బాగానే ఉంది. చిన్నవాడు హైదరాబాద్‌లో ఉద్యోగం, సంక్రాంతికి వచ్చినప్పుడు చేయించుకుంటాడట. ఈసారి ఆ ఇద్దరి తేదీలూ నా డైరీలో రాసుకున్నాను.