లంక నడుమ అయస్కాంతం, పాయల్లో ఎలక్ట్రాను

2025 మేలో ఐబీఎం, టీసీఎస్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అమరావతిలో క్వాంటం వ్యాలీ అని ప్రకటించిన దగ్గర్నుంచీ మా సాఫ్ట్‌వేరు జనాలకి ఒకటే హడావిడి. ఎవర్ని కదిపినా "ఆరు వారాల్లో క్వాంటం" కోర్సు గురించే. నాకు క్వాంటం మీద కోపం లేదు, ఆ ఆరు వారాల మీదే పేచీ.

క్యూబిట్ అంటే గోళం మీద బాణం అని చెప్పి, రెండో పాఠానికే పైథాన్‌లోకి దింపేస్తారు. ఆ బాణం ఏ లోహంలో ఉంది, దాన్నెందుకంత చల్లగా ఉంచాలి, అయస్కాంతానికి ఎందుకలా ఉలిక్కిపడుతుంది... ఇవేవీ రావు. నన్నడిగితే మొదటి పాఠం ఉంగరంతో మొదలెట్టాలి. నానోమీటర్లలో కొలిచే ఉంగరం. కోనసీమ వాళ్ళకైతే అది చెప్పడం మరీ తేలిక.

మా నగరం (పేరుకే నగరం, మామిడికుదురు మండలంలో ఓ పల్లె) వశిష్ఠకీ వైనతేయకీ మధ్య ఉంటుంది. లంక అంటే ఏంటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏరు లంక దగ్గర రెండు పాయలుగా చీలి, దిగువన మళ్ళీ కలుస్తుంది. అతి చిన్న ఉంగరంలో ఎలక్ట్రానుదీ అదే దారి. కాకపోతే ఒకే ఎలక్ట్రాను అలలాగా రెండు పాయల్లోంచీ పోతుంది. కలిసేచోట శిఖరం శిఖరంతో కలిస్తే కరెంటు బాగా పోతుంది, శిఖరం పల్లంతో కలిస్తే తగ్గుతుంది. ఇంటర్‌లో చదువుకున్న వ్యతికరణమే ఇది.

ఇప్పుడు లంక నడిబొడ్డున మాత్రమే అయస్కాంత క్షేత్రం పెట్టండి. పాయల్లోకి చుక్క కూడా రానివ్వకండి. అయినా సరే, దిగువన కలిసేచోట అలల లెక్క మారిపోతుంది! 1959లో అహరొనోవ్, బోమ్ చెప్పింది ఇదే. (1949లోనే ఎహ్రెన్‌బర్గ్, సిడే అనే ఇద్దరు ఇదే సంగతి రాశారు. పేరు మాత్రం వీళ్ళకి దక్కింది.) తగలకుండా ఎలా ప్రభావం చూపిస్తుందని చాన్నాళ్ళు వాదనలు నడిచాయి. 1986లో హిటాచీలో తొనొమురా బృందం, ఉంగరం ఆకారపు అయస్కాంతానికి సూపర్‌కండక్టరు తొడుగు వేసి, క్షేత్రం బయటికి పొక్కకుండా చేసి మరీ చూపించింది.

అది శూన్యంలో పోయే ఎలక్ట్రాన్ల సంగతి. లోహంలో ఎలక్ట్రాను అడుగడుక్కీ దేన్నో ఒకదాన్ని గుద్దుకుంటుంది కదా, అల లెక్క చెడిపోదా? 1985లో ఐబీఎం వాట్సన్ పరిశోధనశాలలో రిచర్డ్ వెబ్, ఆయన సహచరులు మైక్రాన్‌లోపు వ్యాసం ఉన్న బంగారు ఉంగరాన్ని పరమశూన్యానికి ఒక డిగ్రీ లోపుకి చల్లార్చి, అయస్కాంత క్షేత్రం పెంచుకుంటూ పోయారు. ఉంగరం నిరోధం లయ తప్పకుండా పైకీ కిందకీ ఊగింది. కదలకుండా ఉన్న మలినాన్ని గుద్దుకుంటే అల దశ మారుతుందే తప్ప పోదు. వేడికి వణికే అణువుల్ని గుద్దుకుంటేనే లెక్క గల్లంతవుతుంది. అంత చలి అందుకే. (ఈ ప్రయోగంలో క్షేత్రం తీగలోకీ చొరబడింది, నిజమే. కానీ లయని నిర్ణయించింది ఉంగరం చుట్టుకున్న ఫ్లక్సు.)

ఒక్కో ఊపుకి పట్టే ఫ్లక్సు, ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాను ఆవేశంతో భాగిస్తే వచ్చినంత. వ్యాసం 1 మైక్రాన్ అయితే సుమారు 5 మిల్లీటెస్లాకి ఒక ఊపు. 20 నానోమీటర్ల ఉంగరమైతే 13 టెస్లా కావాలి. ఆస్పత్రుల్లో ఎంఆర్ఐ మిషను మామూలుగా 1.5 టెస్లా. ఉంగరం చిన్నదయ్యేకొద్దీ అయస్కాంతం ఏనుగంత అవుతుందన్నమాట.

ఉంగరానికి తీగలే తగిలించకపోతే? సూపర్‌కండక్టరు కాని మామూలు లోహపు ఉంగరంలోనూ, ఫ్లక్సు ఉన్నంతసేపూ, బ్యాటరీ లేకుండానే కరెంటు తిరుగుతూ ఉంటుందని 1983లో బట్టికర్, ఇమ్రీ, లాండవర్ అన్నారు. (కరెంటు పోకపోవడమే పెద్ద వింత అనుకునే రోజులు చూసినవాళ్ళం మనం.) ఇది అఖండ యంత్రమేమీ కాదు. అది ఉంగరం కనిష్ఠ శక్తి స్థితి, అందులోంచి పని పిండుకోలేం. ఆ కరెంటు నానోఆంపియరు, అంతకన్నా తక్కువ. సిద్ధాంతంతో సరిగ్గా పోల్చేంత కచ్చితంగా కొలవడం 2009లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళ వల్ల అయింది. 26 ఏళ్ళు!

మన దగ్గరా ఈ పని జరిగింది. గచ్చిబౌలిలో మన ఆఫీసుల పక్కనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో అశోక్ ఛటర్జీ, ఆయన సహచరులు ఇదే కరెంటు మీద లెక్కలు కట్టి 2016లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో ప్రచురించారు. అణువుల కంపనాలు కరెంటుని తగ్గిస్తాయని, స్పిన్‌కీ కదలికకీ ఉన్న రాష్బా బంధం పెంచుతుందని తేల్చారు. ఆ గేటు ముందు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మనలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి?

ఇప్పుడు అసలు విషయానికొస్తా. 1985లో ఎందుకూ పనికిరాదనిపించే బంగారు ఉంగరం చేసినదీ ఐబీఎమ్మే, అమరావతికి క్వాంటం కంప్యూటరు ఇస్తానన్నదీ ఐబీఎమ్మే. మధ్యలో 40 ఏళ్ళు. సూపర్‌కండక్టింగ్ చిప్పుల్లో చాలావాటిని సర్దేది కూడా బుల్లి లూపులోంచి పోయే ఫ్లక్సే. మనం కథ చివరి అధ్యాయం మాత్రం కొనుక్కుంటున్నాం.

"కారు నడపడానికి ఇంజన్ తెలియాలా?" అంటారు. అక్కర్లేదు. కానీ డ్రైవర్ల ఊరికి వ్యాలీ అని పేరు పెట్టరు కదా. మా ఊళ్ళో ఒక పైప్‌లైను ఉండేది. అందులో పోయేది పొడి గ్యాసో తడి గ్యాసో, తడి పోతే పైపుకేమవుతుందో ఊరికి ఎవరూ చెప్పలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అది పేలి ఇరవైమందికి పైగా పోయారు. క్వాంటం కంప్యూటరు పేలదు లెండి, నేనా పోలిక తేవట్లేదు. పక్కనే పెట్టి, లోపలేముందో చెప్పకపోవడం మనకి అలవాటైందంటున్నా, అంతే.

జాతీయ క్వాంటం మిషన్‌కి 2023లో కేంద్రం ఆమోదించింది 2030-31 దాకా 6,003.65 కోట్లు. వ్యాలీ పేరుతో రాష్ట్రం ఖర్చుపెట్టేదాంట్లో ఒక డైల్యూషన్ ఫ్రిజ్, ఒక ఎలక్ట్రాన్ బీమ్ లితోగ్రఫీ యంత్రం మన యూనివర్సిటీల్లో ఒకదానికి ఇవ్వండి. క్లౌడ్‌లో లాగిన్ ఇవ్వడం కాదు, రాజోలు నుంచి వచ్చిన ఎమ్మెస్సీ పిల్ల తన చేత్తో ఉంగరం గీసి, చల్లార్చి, ఆ ఊపు తెరమీద చూడాలి. ఈలోగా కోర్సులవాళ్ళకి నాదో చిన్న విన్నపం: కనీసం మూడో వారం దాకా పైథాన్ తెరవకండి.