ఉబుంటునా, మింటా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. పిల్లల చదువుకని పదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్‌లు, ఇంకా చక్కగా పనిచేస్తున్నవి కూడా, ఈ లెక్కన పనికిరానివైపోయాయి. వాటిని పాత సామాన్లవాడికి వేసేయనక్కర్లేదు. లినక్స్ వేసుకుంటే మరికొన్నేళ్లు హాయిగా నడుస్తాయి. అయితే ఆ నిర్ణయానికి వచ్చిన ఇంట్లో వెంటనే ఇంకో ప్రశ్న పుడుతుంది. ఏ లినక్స్? ఉబుంటునా, మింటా, డెబియనా? అడిగినవాళ్లంతా తలో పేరు చెబుతారు. విన్నకొద్దీ అయోమయం పెరిగి, ల్యాప్‌టాప్ మళ్లీ బీరువా ఎక్కుతుంది.

ఇంత బెంగ అక్కర్లేదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నలే ఈ మూడింటిలోనూ ఉంది. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి డెబియన్‌ను ప్రకటించాడు. మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కెనానికల్ సంస్థ దాని ఆధారంగానే 2004 అక్టోబరులో ఉబుంటును విడుదల చేసింది. ఆ ఉబుంటు మీద 2006లో క్లెమెంట్ లెఫెవ్ర్ మింట్‌ను కట్టాడు. మూడింట్లోనూ అదే ఫైర్‌ఫాక్స్, అదే లిబ్రే ఆఫీస్, సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ఏపీటీ కూడా అదే. ఒకటి వేగం, ఇంకొకటి నెమ్మది అని జనం అనుకునేది చాలావరకు డెస్క్‌టాప్ తేడా. ఉబుంటుతో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్ కాస్త బరువు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిగ్గా కదులుతుంది. ఆ ఎక్స్‌ఎఫ్‌సీఈ మూడింటికీ దొరుకుతుంది.

నిజమైన తేడా మరోచోట ఉంది. మన కంప్యూటర్‌లో ఎప్పుడు ఏది మారాలో ఎవరు నిర్ణయిస్తారన్నదే ఆ తేడా. ఉబుంటు వెనుక ఒక కంపెనీ ఉంది. అందుకే రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే దీర్ఘకాలిక వెర్షన్‌కు అయిదేళ్ల భద్రతా సవరణలు మాట తప్పకుండా అందుతాయి. అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ అందించడానికి తన సొంత స్నాప్ పద్ధతిని ముందుకు తెచ్చి, 22.04 వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్‌ను కూడా అందులోకే మార్చింది. మింట్ వాళ్లు దీనికి ఒప్పుకోలేదు. 2020లో వచ్చిన మింట్ 20లో, వాడేవాడు కావాలని కోరితే తప్ప స్నాప్ రాకుండా ఆపేశారు. ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్‌నే పునాదిగా తీసుకుంటూ, నచ్చని నిర్ణయాన్ని పక్కన పెట్టగలిగారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఇచ్చిన హక్కు ఇదే. ఇన్ని రకాల లినక్స్‌లు ఎందుకు, అందరూ కలిసి ఒక్కటే చేయొచ్చుగా అని విసుక్కునేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. డెబియన్‌కు యజమానే లేడు. స్వచ్ఛందంగా పనిచేసేవారు ఏటా తమ నాయకుణ్ని ఓటేసి ఎన్నుకుంటారు. కొత్త వెర్షన్ దాదాపు రెండేళ్లకొకటి వస్తుంది, మధ్యలో పెద్ద మార్పులేవీ ఉండవు. 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి వైఫై వంటి వాటికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు కాబట్టి దాన్ని విడిగా వెతుక్కోవలసిన పాత చిక్కు చాలావరకు తీరింది.

విండోస్ తప్ప మరొకటి ఎరగని ఇంటికి మింట్ చెబుతాం. కింద పట్టీ, ఎడమ మూలన మెనూ, అలవాటైన చోటే అన్నీ ఉంటాయి. ఒకసారి కుదురుకున్నాక ఏదీ కదలకూడదనుకునేవారికి డెబియన్.

అయితే పేరు ఖాయం చేసుకునే ముందు తెలుగు సంగతి చూసుకోవాలి. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపితే హార్డ్‌డిస్క్‌ను ముట్టకుండానే అన్నీ పరీక్షించవచ్చు. యూనికోడ్ తెలుగు మూడింట్లోనూ చక్కగా కనబడుతుంది. ఐబస్ అనే టైపింగ్ సాధనంతో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు గానీ, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ గానీ పెట్టుకోవచ్చు. చిక్కల్లా అను ఫాంట్లతోనే. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా పేరుకుపోయిన ఆ ఫైళ్లు యూనికోడ్ కావు, ఇక్కడ తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. పత్రికలకో ప్రెస్సుకో అనులో కంపోజ్ చేసేవారు ఇంట్లో ఉంటే ఆ ఒక్క పనికి విండోస్ యంత్రాన్ని అట్టే పెట్టుకోవడమే మేలు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేశారు, మెనూలనూ తెనిగించారు. ఆ పనికి ఇంకా చేతులు కావాలి.

పేరు ఎంచుకునే ముందు చూసుకోవలసింది మరొకటి ఉంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్లుగా ఉబుంటు ఆధారిత వ్యవస్థ మీదే నేర్చుకుంటున్నారు. అక్కడ టీచరుకు తెలిసిందే పిల్లవాడికీ, వాడి పక్కింటివాడికీ తెలుసు. ఎక్కడ ఆగిపోయినా అడగడానికి మనిషి ఉంటాడు. మన ఇళ్లలో ఆ మనిషి చాలాసార్లు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో అయి ఉంటారు. సంక్రాంతికి వచ్చి ల్యాప్‌టాప్ బాగుచేసి వెళ్లిపోతారు. మార్చిలో అమ్మ ఫోన్ చేసి ‘ప్రింటర్ రావట్లేదురా’ అంటుంది. అప్పుడు ఫోన్ పట్టుకున్నవాడి కళ్ల ముందు కూడా అదే మెనూ ఉంటే ‘కింద ఎడమ పక్కన నొక్కమ్మా’ అని చెప్పగలడు. కాబట్టి ఇంట్లో ఏ లినక్స్ పెడితే తన దగ్గరా అదే వెర్షన్ పెట్టుకోవాలి, కనీసం వర్చువల్ మెషీన్‌లోనైనా. తనకు ఆర్చ్ లినక్స్ ఇష్టమని అమ్మ ల్యాప్‌టాప్‌లో ఆర్చ్ వేయకూడదు. ఫొటోలూ కాగితాలూ ముందే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సొంత ఫైళ్లుండే హోమ్‌ను వేరే పార్టిషన్‌లో పెడితే రేపు మింట్ నచ్చక డెబియన్‌కు మారినా వాటిని కదపనక్కర్లేదు. తిరుగు ప్రయాణానికి ముందురోజు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, తాను మౌస్ ముట్టుకోకుండా, వైఫై కలపడం, తెలుగులో నాలుగు ముక్కలు కొట్టడం, కరెంటు బిల్లు ప్రింట్ తీయడం ఆమె చేతే చేయించాలి. ఎక్కడైనా ఆమె చెయ్యి ఆగితే సరిచేయడానికి ఇంకా ఒక రోజు ఉంటుంది.