'త్వరగా' అంటే ఎన్ని నిమిషాలు?

మొన్న తెలుగు చదువుకునే పిల్లలకు ఒక పని ఇచ్చాను. మన లైబ్రరీకి ఎవరో కంప్యూటర్ ప్రోగ్రాం చేసిపెడతామన్నారనుకోండి, అది ఏమేం చేయాలో రాసివ్వండి అన్నాను. "పుస్తకం త్వరగా దొరకాలి" అని చాలామంది రాశారు. త్వరగా అంటే ఎంతసేపట్లో అని అడిగితే, ఒకరు రెండు సెకన్లన్నారు, ఇంకొకరు ఇంటర్వెల్ అయ్యేలోపు అన్నారు. ఇద్దరూ రాసిన మాట ఒకటే!

సాఫ్ట్‌వేర్ అంటే లెక్కలు వచ్చినవాళ్ళ పని అనుకుంటాం. కానీ వాళ్ళు మొదలుపెట్టే ముందే ఏం కావాలో ఎవరో ఒకరు మాటల్లో రాయాలి. ఆ మాటలు సరిగ్గా లేకపోతే ప్రోగ్రాం ఎంత బాగా రాసినా పనికిరాదు. అందుకే ఇది భాష క్లాసులో కూడా నేర్పాల్సిన పాఠమని నా అభిప్రాయం.

మన దీవులకు సంబంధించిన ఉదాహరణే చూడండి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హిందూ మహాసముద్రంలో హెచ్చరిక వ్యవస్థ లేదు. తర్వాత 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం మొదలైంది. పెద్ద భూకంపం వస్తే "త్వరగా చెప్పాలి" అని అక్కడ సరిపెట్టుకోలేదు. సుమారు 10 నిమిషాల్లో మొదటి ప్రకటన ఇవ్వాలని పెట్టుకున్నారు. "దగ్గరి తీరం" అన్న మాటకూ లెక్క ఉంది: అల 60 నిమిషాల లోపు చేరే తీరం. అలాంటి చోటికి భూకంపం వివరాలను బట్టే హెచ్చరిక పంపుతారు. దూరపు తీరాలకైతే సముద్రంలో నీటిమట్టం చూసి నిర్ధారించుకుంటారు. ఆ 60 రాయకుండా "దగ్గర" అని వదిలేస్తే, మనది దగ్గరో దూరమో ఆ హడావిడిలో ఎవరు తేల్చాలి?

ఇంకో సంగతి. వెనక ఒక ఊళ్ళో పనిచేసినప్పుడు, అక్టోబర్‌లో బదిలీ మీద ఒక అమ్మాయి వచ్చి చేరింది. కంప్యూటర్ ఏప్రిల్ అడ్మిషన్లే తీసుకుంటోంది. ఆ పిల్ల పేరు హాజరు పట్టీలోకి ఎక్కడానికి మూడు వారాలు పట్టింది. ప్రోగ్రాం చెప్పినట్టే పనిచేసింది. 'ఏడాది మధ్యలో వచ్చినవాళ్ళను కూడా చేర్చుకోవాలి' అన్న వాక్యమే ఎవరూ రాయలేదు.

పిల్లలూ, అమ్మానాన్నల బదిలీలతో ఊళ్ళు మారే మీకు ఇలాంటి ఖాళీలు అందరికంటే ముందు కనిపిస్తాయి. అందుకే మీరు రాయాలి. రాసిన ప్రతి వాక్యాన్నీ అడగండి: ఎవరు చేయాలి? ఎంతసేపట్లో? జరిగిందని ఎలా తెలుస్తుంది? అలా కుదరకపోతే ఏం చేయాలి?

మా క్లాసులో ఒకమ్మాయి మళ్ళీ ఇలా రాసింది: "పుస్తకం పేరు కొట్టిన 5 సెకన్లలోపు అది ఏ బీరువాలో ఉందో చూపించాలి. ఎవరైనా తీసుకెళ్ళి ఉంటే, ఏ తేదీన తిరిగి రావాలో చూపించాలి." ప్రోగ్రాం రాసేవాళ్ళు ఇక ఆ అమ్మాయిని మళ్ళీ అడగాల్సిన పని లేదు.