పాట ఆమెది, పాఠం ఎవరిది?

బాల్టిక్ తీరంలోని చిన్న దేశం లాత్వియా. అక్కడి జానపద గీతాలను దైనాలంటారు. చాలావరకు నాలుగేసి పాదాల పాటలు. తిరగలి విసురుతూ, పశువుల్ని కాస్తూ, పెళ్ళిలో అవతలి పక్షాన్ని ఎగతాళి చేస్తూ పాడుకున్నవి. పాడింది ఎక్కువగా స్త్రీలే. మన దంపుళ్ళ పాటలు తెలిసినవారికి ఇవి పరాయిగా అనిపించవు. క్రిష్యానిస్ బారన్స్ 1894-1915 మధ్య వెలువరించిన సంకలనంలోనే రెండు లక్షలకు పైగా ఉన్నాయి. ఆ చీటీలు దాచిన సొరుగుల బీరువాను 2001లో యునెస్కో 'ప్రపంచ స్మృతి' జాబితాలో చేర్చింది. బీరువా భద్రంగానే ఉంది. పాటలు బడిపుస్తకంలోకి వెళ్ళాక ఏమయ్యాయన్నదే నా బాధ.

దైనాల్లో తల్లిలేని పిల్ల మాటిమాటికీ కనిపిస్తుంది. లాత్వియన్లకు సూర్యుడు స్త్రీ. చలికి వణికే ఆ పిల్ల ఆమెనే అమ్మా అని పిలుస్తుంది.

1934 మే 15న కార్లిస్ ఉల్మానిస్ పార్లమెంటును పక్కకు నెట్టి నియంత అయ్యాడు. జాతి ఐక్యత, పొలం, కుటుంబం అన్నవి నినాదాలయ్యాయి. అలాంటి చోట తల్లిలేని పిల్ల ఓర్పుకీ పనితనానికీ ఆదర్శం. 1940లో సోవియట్ సైన్యం వచ్చింది. యుద్ధం తర్వాత 1991 దాకా అదే పాలన. ఇప్పుడా పిల్ల దోపిడీకి గురైన శ్రామికురాలు. జర్మన్ భూస్వాముల మీది పాటలు ముందుకొచ్చాయి, దేవతలు మూఢనమ్మకాల అవశేషాలయ్యారు. స్టాలిన్‌నూ సమష్టి వ్యవసాయాన్నీ పొగిడే కొత్త పాటలు కూడా జానపదం పేరుతో చెలామణి అయ్యాయి.

భూస్వాముల క్రౌర్యం అబద్ధమని నేననను. అర్ధబానిసత్వం కుర్జెమెలో 1817లో, విద్జెమెలో 1819లో, లాత్గలెలో 1861లో గాని పోలేదు. కుర్జెమె, విద్జెమెలలో అది పోయినా రైతుకు భూమి దక్కలేదు. కానీ దైనాల్లో ఆడపిల్ల ఏడ్చింది దొరను చూసి మాత్రమే కాదు. సవతి తల్లిని చూసి, అత్తను చూసి, తాగొచ్చే మొగుణ్ణి చూసి కూడా ఏడ్చింది. ఈ శత్రువు ఇంట్లోనే ఉన్నాడు. జాతిని కీర్తించే పాఠంలో వాడికి చోటు లేదు, వర్గపోరాటం చెప్పే పాఠంలోనూ లేదు.

ఏడుపు సంగతి అలా ఉంచితే, ఆడవాళ్ళు నవ్విన పాటలు కూడా ఉన్నాయి. పెళ్ళిళ్ళలో పచ్చిగా పాడుకున్న 'అల్లరి' పాటల్ని బారన్స్ వేరుచేసి చివరి సంపుటంలో పెట్టాడు. కనీసం అచ్చు వేశాడు, అంతవరకు నయం. శీలవతికి, కష్టజీవికి పాఠంలో చోటుంది గాని, పకపకా నవ్వే ఆడదానికి ఏ పాలకుడు చోటిస్తాడు?

1991లో స్వాతంత్ర్యం తిరిగొచ్చాక దైనా మళ్ళీ 'జాతి ఆత్మ' అయింది. పరాయి పాలనలో భాషను నిలుపుకున్న ప్రజలకు ఆ మాట మీద హక్కుంది, కాదనను. సూర్యుని పాటలపై పరిశోధన చేసిన వైరా వీకె-ఫ్రైబెర్గా 1999లో దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలు కావడమూ చిన్న సంగతి కాదు. అయితే ఆత్మ అన్నాక దానికి ఒళ్ళు నొప్పులుండవు, అత్త ఉండదు. పన్నెండేళ్ళ పిల్ల చదివే పుస్తకంలో దొర మీది పాట పక్కనే మొగుడి మీది పాట కూడా ఉండాలి. ఇది ఎవరు, ఎవరి చెవిన పడకుండా పాడుకున్నారని టీచరు ఆ పిల్లను అడగాలి.